పొదుగు మీది కోళ్లు

ఎర్రగుంటపల్లె
(మొయినాబాదు పోస్టు)
ఫిబ్రవరి 1969

శకుంతలకు ప్రేమ రాసుకున్నది.

ఇక్కడ నేను, మా ఇంటాయన, మా అత్త, నీ కోడి అందరం బాగున్నాము. నవ్వకు. కోడి ముచ్చట ముందు రాయకపోతే నువ్వు ఉత్తరం చివరిదాకా చదవవని నాకు తెలుసు.

నిరుడు పుట్టింటికి వచ్చినప్పుడు నువ్వు నాకు పాలుకు ఇచ్చిపోయిన ఆ ఎర్ర పెట్ట మహా గయ్యాళి. గద్ద దిగితే మిగతా కోళ్లన్నీ సందుల్లో దూరుతాయి. ఇది మాత్రం రెక్కలు విప్పుకొని గద్ద మీదికే ఎగురుతుంది. మన బోర్డింగు బడిలో వార్డెనమ్మ మీదికి నువ్వు ఎగిరినట్టే. కోడి నీది, మేత నాది, పిల్లలు చెరిసగం అనుకున్నాము కదా. మొదటి పొదుగు పిల్లలు ఏపుగా ఎదిగాయి. నీ పెట్టకూ, నీ సగానికీ కాళ్లకు ఎర్ర పోగులు కట్టాను. రేపు తగాదా వద్దు.

మా ఇంటాయన స్వామిదాసుకు ఇప్పుడు పని లేదు. గొడవలకు మొయినాబాదు బడి మూసేశారు, అటెండరు ఏం చేస్తాడు? పొద్దున లేచి మీటింగులకు పోతాడు. నిద్రలో కూడా జై తెలంగాణ అంటున్నాడు. దయ్యం పట్టిందేమోనని మా అత్త శాంతమ్మ పాస్టరయ్యను పిలిపించి ప్రార్థన చేయించింది. పాస్టరయ్య ప్రార్థన ముగించి తాను కూడా జై తెలంగాణ అని పోయాడు.

నాకు మాత్రం కోళ్లతోనే పొద్దు పోతుంది. చెప్పుకుంటే సిగ్గు గానీ, ఈ ఇంట్లో నాదని చెప్పుకునేది ఈ మంద ఒక్కటే. ఇల్లు మా అత్తది, జీతం ఆయనది, చుట్టూ ఉన్న భూమి మీ అన్నది. కోళ్లు నావి. పొద్దుగూకే వేళ 'బో బో' అంటే నా గొంతుకే వస్తాయి, ఇంకెవరు పిలిచినా రావు.

ఉత్తరంలో కాబట్టి నువ్వు అంటున్నాను. మీ అన్న వాకిట్లో నువ్వు కనిపిస్తే మీరు అంటాను. అప్పుడు మొహం ముడుచుకోకు.

నీ
ప్రేమ


చేవెళ్ల
మార్చి 1969

నా ప్రేమకు,

బస్సులు నడవడం లేదు. నీ ఉత్తరం ఎవరెవరి చేతులో మారి చివరికి పాలవాడి సైకిలు మీద వచ్చింది. గద్ద మీదికి ఎగిరే కోడి అని చదివి వంటింట్లో ఒక్కదాన్నే పగలబడి నవ్వితే మా అత్తగారు వచ్చి చూసి పోయారు.

మా ఇల్లు ఇప్పుడు ఇల్లులా లేదు. ఇక్కడి ఉద్యమ కమిటీకి మా ఆయనే పెద్ద కదా, పొద్దస్తమానం వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ. ఎవరికి చాయ్ ఇచ్చానో, ఎవరికి ఇవ్వలేదో గుర్తుండటం లేదు. ప్రభాకర్ గారు అంటే చేవెళ్లలో ఇప్పుడు పెద్ద పేరు. నాకు గర్వంగానే ఉంది, ఎందుకు దాచాలి?

మొన్న పట్నం నుంచి నాయకులు వచ్చారు. మన ఊరి నుంచి బాల్‌రాజ్ అన్న సంచుల నిండా కోళ్లు పట్టించుకొని వచ్చాడు. తెల్లవారి నుంచీ నూరడం, వేయించడం, నా చేతులు ఇంకా మండుతూనే ఉన్నాయి. నాయకులు వేళ్లు నాకారు. 'ఇదీ తెలంగాణ కోడంటే! దీని రుచే వేరమ్మా' అన్నారు. భోజనాలయ్యాక వాకిట్లో మాట్లాడుతుంటే తలుపు వెనక నిలబడి విన్నాను. మన నీళ్లు, మన నౌకరీలు, మన పిల్లలు అంటుంటే ఒళ్లు పులకరించింది.

ఇంకో సంతోషం. మా నిర్మలమ్మ వదినకు ఇన్నాళ్లకు నెల తప్పింది, రెండో నెలట. అన్న నేల మీద నిలవడం లేదు. ఎవరి దిష్టీ తగలకూడదని వదినను గడప దాటనివ్వడం లేదట.

నా సగం కోళ్లు నీ దగ్గరే ఉండనీ. అవి నాకంటే నీ మాటే వింటాయి.

నీ
శకుంతల


ఎర్రగుంటపల్లె
ఏప్రిల్ 1969

శకుంతలా,

ఈసారి బడి తెలుగు రాయ. కోపమొస్తే నాకు ఆ తెలుగు రాదు.

మా ఆయనను పోలీసులు పట్టుకపోయిండ్రు. పట్నంల సత్యాగ్రహం చేస్తుంటే లారీ ఎక్కిచ్చి చంచల్‌గూడ జైలుకు తోలిండ్రు. ఆయన పోయిన వారంలనే, పొద్దూకి కోళ్లు గంపల కిందికి చేరే యాళ్లకు, చిన్నయ్య సంచి పట్టుకొని మా వాడకొచ్చిండు. మీ అన్న దగ్గర మస్కూరి నౌకరి చేసేటోడు, నీకెరికే.

'పటేలు పంపిండు. మీటింగున్నది. ఇంటికో కోడి' అన్నడట.

నేను ఇంట్ల లేను. పక్కింటి అంతమ్మకు జరమొస్తే దవాఖానకు తోలుకపోయిన. మా అత్త నోరు తెరువకుంట గంప లేపిచ్చింది. మా ఇంట్ల మాత్రం రెండు పట్టిండు. ఎందుకంటే, 'మీ కొడుకు లీడరాయె, లీడరింట్ల రెండు ఇయ్యాలె' అన్నడట. అండ్ల ఒకటి ఎర్ర పోగు కట్టిన నీ పెట్ట.

ఎవల మీటింగో తెల్వక ఇన్ని దినాలు పోలీసోళ్ల క్యాంపుకు పోయినయనుకున్న. నీ ఉత్తరం చదివినంక తెలిసింది. మీ పొయ్యి మీదికి పోయినయి. నీ కోడిని నువ్వే వండుకున్నవు తల్లీ. రుచి ఎట్లున్నదో నువ్వే రాసినవు.

మీ నాయన పటేలుగ ఉన్ననాటి నుంచి మాకు ఇది కొత్త గాదు. తాసీల్దారొస్తే కోడి. పోలీసు అమీనొస్తే కోడి. ఇప్పుడు జై తెలంగాణ వచ్చినా కోడే. జై తెలంగాణ అన్నందుకు నా మొగడు జైల్ల కూసున్నడు, జై తెలంగాణ అని నా గంప ఖాళీ చేసిండ్రు. ఇదేం న్యాయమో మీ తలుపు ముంగట కూసున్న నాయకులనడిగి నాకు రాయి.

ఇంకొకటి గూడ అడుగుత, సూటిగ చెప్పు. మీ అన్న తెచ్చిన కోళ్లు ఎక్కడియో నీకు తెల్వదా?

మా అత్త ఏడుస్తున్నది. 'పోనియ్యి బిడ్డా, ఒక్క కోడికోసం పెద్దోళ్లతోని పోరెందుకు' అంటున్నది. నేను పోనియ్య. ఇగ నా గంపల నుంచి ఒక్క ఈక గూడ పటేలింటికి పోదు. రాసిపెట్టుకో.

ప్రేమమ్మ


చేవెళ్ల
ఏప్రిల్ 1969

ప్రేమమ్మకు,

నీ ఉత్తరం అందింది. స్వామిదాసును జైలులో పెట్టినందుకు మాకందరికీ బాధగా ఉంది. ఆయనతో చెప్పాను. లాయరుతో మాట్లాడతామన్నారు.

ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. పట్నంలో పిల్లలు తుపాకులకు ఎదురు నిలబడి ప్రాణాలిస్తున్నారు. ఇట్లాంటి కాలంలో నువ్వు కోళ్ల దగ్గర ఆగిపోతావని నేను అనుకోలేదు. అన్న చేసింది ఉద్యమం కోసమే కదా, తన కడుపు కోసం కాదు కదా. మామూలు మామూలే. నేను పెట్టిందీ కాదు, అన్న పెట్టిందీ కాదు. రేపు రాష్ట్రం వస్తే పటేళ్లూ ఉండరు, మామూళ్లూ ఉండవు. అందాకా ఓపిక పట్టలేవా?

పోయిన రెండు కోళ్లకు నాలుగు పంపిస్తాను. మనసులో పెట్టుకోకు.

వచ్చే నెల ఇక్కడ ఇంకా పెద్ద సభ ఉంది. ఈసారి కూడా మీ వాడ నుంచే కోళ్లు తెస్తానని అన్న అంటున్నాడు. ఇవ్వబోమని మీలో ఎవరో అన్నట్టు అన్న చెవిన పడింది. మీరు మంచినీళ్ల బావికి నడిచే గట్టు మా పొలంలోదేనని గుర్తు చేయమన్నాడు. ఇది నా మాట కాదు. విన్నది రాశాను.

శకుంతల


ఎర్రగుంటపల్లె
మే 1969

శకుంతలా,

నేనడిగింది ఒకటి, నువ్వు చెప్పింది ఒకటి. సరే, పో.

ఆ నాలుగు కోళ్లు పంపకు. అవి ఏ వాడల ఎవల గంప లేపి తెచ్చినయో ఎవలికెరుక.

ఇగ మా ముచ్చట ఇను. మా వాడల కోళ్లన్ని పొదుగు మీద కూసున్నయి. అన్ని! ఒక్కటి గూడ ఖాళీ లేదు.

మీరు కోళ్లు తింటరు గని సాదరు, అందుకే చెప్తున్న. మా దిక్కు పొదుగు మీదున్న కోడిని ఎవ్వరు లేపరు. ఆకలైనా లేపరు, సుట్టమొచ్చినా లేపరు. లేపినోని ఇంట్ల తొట్టెల ఊగదంటరు. నేను నమ్మ. ప్రభువును నమ్ముకున్నదాన్ని, కోడి శాపానికి భయపడుతనా? కాని మీ అన్న నమ్ముతడు. నిర్మలమ్మ ఇన్నేండ్లకు కడుపుతోనున్నది, ఇప్పుడు ఇంక గట్టిగ నమ్ముతడు.

ఆదివారం ఆరాధన అయినంక ఆడోళ్లందరిని గుడి వెనుక కూసుండవెట్టి చెప్పిన. 'గుడ్లు అమ్ముడు బందు వెట్టుండ్రి. ఏ కోడి పెట్టిన గుడ్లు దాని కిందనే ఉంచుండ్రి. కడుపు కింద గుడ్లు నిండినకొద్ది దానికి పొదుగు బుద్ధి పుడుతది.' సంగమ్మ నవ్వింది. 'ఎండకాలంల పొదుగేందే? గుడ్లు ఉడుకుతయి గని పిల్లలైతయా?' అన్నది. అయినా పెట్టింది, పాపం. గంపల కింద తడి ఇసుక పోసినం, మీద గోనెపట్టాలు తడిపి కప్పినం. ఉరుము తగులకుంట ఇనుప మేకు, బొగ్గు పెట్టుడు మా అత్త మరువలేదు. పుంజులను ముందే మోకిల ఊర్లె మా అక్క ఇంటికి చేరేసినం. అంతమ్మ పెట్ట ఒక్కటే ఎంత చేసినా కూసోలేదు. ఆమె మొగని సారాల నుంచి జర్రంత దానికి తాపింది. అప్పుడు కూసున్నది, తూలుకుంట. పాస్టరయ్యకు చెప్పకు.

చిన్నయ్య సంచి పట్టుకొని వచ్చిండు. మొదటి గంప లేపితే కోడి ఒళ్లంత ఉబ్బిచ్చి చెయ్యి పొడిచింది. 'పొదుగుల ఉన్నది' అన్నరు. రెండో ఇల్లు, పొదుగు. మూడో ఇల్లు, పొదుగు. ఖాళీ సంచి భుజాన వేసుకొని పోయిండు. జర సేపటికి మీ అన్ననే వచ్చిండు.

'ఏమే, వాడంత ఒక్కపారే పొదుగుకొచ్చిందా?'

'ఐకమత్యంగుండాలెనని సభలల్ల మీరే చెప్తున్నరు గదా పటేలా. కోళ్లు ఇన్నయేమో' అన్న.

'మస్తు తెలివి నేర్చినవు. ఈ ఎండకు గుడ్లన్ని మురుగుతయి.'

'మురిగితే మాయే మురుగుతయి పటేలా, మీయి గాదు.'

ఆయన కండ్లు ఎర్రజేసి మా గంప దిక్కు వంగిండు. అప్పుడు మా అత్త, ఎన్నడు పటేలు ముంగట తలెత్తని మనిషి, చేతులు జోడిచ్చి అన్నది: 'బాంచెన్ పటేలా, ముట్టకుండ్రి. ఇంట్ల కడుపుతోనున్న మనిషి ఉన్నది మీకు.' మీ అన్న చెయ్యి అట్లనే ఆగిపోయింది. ఎన్కకు మర్లి పోయిండు. మా అత్త భయపడి అన్నదో, తెలివితోని అన్నదో ఎంతడిగినా చెప్పది.

మర్నాడు గట్టు మీద ముండ్లకంప కొట్టిచ్చిండు. వాగు దిక్కు నుంచి చుట్టు తిరిగి నీళ్లు తెచ్చుకుంటున్నం. మెడలు గుంజుతున్నయి. కానియ్యి, తిరుగుతం.

ప్రేమ


చేవెళ్ల
జూన్ 1969

ప్రేమా,

నీ ఉత్తరం చదివి నవ్వాను. నవ్వి భయపడ్డాను.

సభనాడు కోళ్లు రాలేదు. వంకాయ కూర, పప్పుచారు పెట్టాం. పట్నం వాళ్లు ఏమీ అనలేదు, అన్న మాత్రం అవమానంతో ఊగిపోయాడు. ఏం చెప్పాడో తెలుసా? మీ వాడ వాళ్లు తెలంగాణ వద్దనే అవతలి వాళ్ల దగ్గర డబ్బు తిన్నారని, మీరంతా తెలంగాణ ద్రోహులని మా ఆయన ముందు, పదిమంది ముందు చెప్పాడు. ఆయన నమ్మారు. నేను తలుపు వెనకే ఉన్నాను. స్వామిదాసు పేరు నా నాలుక చివరి దాకా వచ్చింది, బయటికి రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చే నెల మొదటి ఆదివారం అన్న ఇక్కడి కుర్రాళ్లను వెంటబెట్టుకొని మీ వాడకు వస్తున్నాడు. ఇంటింటి ముందూ జై తెలంగాణ అనిపించి కోడి పట్టిస్తాడట. ఇవ్వని ఇంటి గోడ మీద ద్రోహి అని సున్నంతో రాయిస్తాడట. పొదుగైనా, పిల్లల తల్లైనా వదలరట. తన చేత్తో ముట్టుకోడు, కుర్రాళ్ల చేత పట్టిస్తాడు. శాపం తగిలితే వాళ్లకు తగులుతుందని లెక్క.

నీకు చేతులెత్తి దండం పెడతాను. ఒక్క కోడి ఇచ్చెయ్యి. నలుగురిలో నవ్వుతూ ఇచ్చెయ్యి. ద్రోహి అనే పేరు ఒకసారి గోడ మీదికి ఎక్కితే సున్నం కడిగినా పోదు. అంత మొండితనం ఎందుకు ప్రేమా? నీకు రాష్ట్రం రావాలని లేదా?

శకుంతల


ఎర్రగుంటపల్లె
జూన్ 1969

శకుంతలా,

రాష్ట్రం రావాలని లేదా అని నన్నడుగుతున్నవా? నా మొగడు జైల్ల పురుగుల అన్నం తింటున్నడు. మీ ఇంటాయన ఏ జైల్ల ఉన్నడో రాయి, ఇద్దరికి ఒక్కపారే కూర పంపుత.

నాకు రాష్ట్రం గావాలె. మా పిల్లలకు నౌకరీలు గావాలె. కాని కోడి గావాలంటే వాకిట్ల నిలవడి అడిగే రాష్ట్రం గావాలె. అడగకుంట గుంజుకునేటోళ్లు మాకు ఇదివరకే ఉన్నరు. వాళ్ల కోసం ఇంత కొట్లాటెందుకు?

రానియ్యి. గంపలు ఇంట్ల దాచ, వాకిట్లనే పెడత. వాటి ముంగట నేను కూసుంట, నా పక్కన సంగమ్మ, అంతమ్మ కూసుంటరు. పట్టేటోడు మమ్ములను జరిపి పట్టాలె. జై తెలంగాణ వాళ్లకన్న ముందు నేనే అంట, వాళ్లకన్న గట్టిగ అంట. సున్నం తెచ్చుకునే పని గూడ లేదు, మా ఇంట్ల ఉన్నది.

మిరుగు వానలు పడ్డయి. కొన్ని గుడ్లు మురిగినయి, మీ అన్న అన్నట్టే. కాని వాడంత కోడిపిల్లలే ఇప్పుడు. చూసుకొని నడవాల్సొస్తున్నది.

నువ్వు ఏ దిక్కున్నవో నాకు రాయకు. ఉండు, అంతే.

ప్రేమ


చేవెళ్ల
జూలై 1969

నా ప్రేమకు,

ఆదివారం మీ వాడకు ఎవరూ రాలేదు కదా. గంపల ముందు కూర్చొని కూర్చొని మీ నడుములు పట్టేసి ఉంటాయి. ఎందుకు రాలేదో చెప్తాను.

ముందు నువ్వు ఏప్రిల్‌లో అడిగినదానికి జవాబు. తెలుసు. అన్న తన జన్మలో కోడిని కొనలేదని నాకు తెలియదా?

శనివారం రాత్రి భోజనాలు మా ఇంట్లోనే. మర్నాడు మీ మీదికి రావాల్సిన కుర్రాళ్లు, మార్చిలో వచ్చిన పట్నం నాయకుల్లో ఒక పెద్దాయన, మా ఆయన వరసగా కూర్చున్నారు. అన్న మధ్యలో కూర్చున్నాడు, పెళ్లికొడుకులాగ. విస్తళ్లలో జొన్న రొట్టె పెట్టించాను, పచ్చిపులుసు పోయించాను. అంతే.

'కూరేది?' అన్నారు మా ఆయన.

ప్రేమా, నేను తలుపు వెనక నుంచి బయటికి వచ్చాను. పెళ్లయిన ఇన్నేళ్లలో మగవాళ్ల పంక్తి ముందుకు నేను రావడం అదే మొదటిసారి. చేతిలో గంటె ఉంది. అది కింద పెట్టాలని కూడా తోచలేదు.

'కూర రేపొస్తది' అన్నాను. 'జై తెలంగాణ అని జైలుకు పోయినాయన పెండ్లం దగ్గర గుంజుకరానికి మా అన్న మిమ్ములను తోలుకపోతున్నడు గదా. తెచ్చినంక వండుత.'

'ఎవరమ్మా జైలుకు పోయింది?' అన్నారు పట్నం పెద్దాయన.

'స్వామిదాసు. మొయినాబాదు బడిల అటెండరు. మార్చిల మీరు తిన్నయి వాళ్ల వాడ కోళ్లే. తెలంగాణ కోడి రుచే వేరని మెచ్చుకున్నరు, యాదికున్నదా?'

పెద్దాయన తల దించుకున్నారు. కుర్రాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. వాళ్లకు ఎవరూ ఈ మాట చెప్పలేదు, ద్రోహుల వాడ అనే చెప్పారు. చివర కూర్చున్నవాడు విస్తరి ముందు నుంచి లేచి, 'మేం రాం పటేల్ సాబ్' అన్నాడు. వాడి వెంట ఇంకొకడు లేచాడు.

అన్న ఒంటికాలి మీద లేచాడు. 'ఆడదానివి, నీకేం పనే ఈడ? ఇంట్లకు పో!' అని అరిచాడు.

'నేను ఇంట్లనే ఉన్న అన్నా. ఇది నా ఇల్లు. వచ్చినోనివి నువ్వు.'

ఎట్లా అన్నానో నాకు తెలియదు. అన్నాక మాత్రం ప్రాణం ఎంత హాయిగా ఉందో! అన్న ముద్ద ముట్టకుండా చెప్పులేసుకొని పోయాడు. పోతూ పోతూ, పుట్టింటి గడప తొక్కితే కాళ్లు విరగ్గొడతానన్నాడు.

మా ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. కానీ మర్నాడు పొద్దున్నే కమిటీ పేరున ఊళ్లకు కబురు పంపించారు: ఉద్యమం పేరు చెప్పి ఎవరింట్లోనూ కోడి గానీ, గింజ గానీ, ఒప్పుకోకుండా ముట్టుకోకూడదని. నా మీద ప్రేమతో కాదు, పట్నం వాళ్ల ముందు పరువు పోయిందని. ఏదైతేనేం?

దసరాకు మన ఊరు వస్తున్నాను. అన్న ఇంటికి కాదు, నీ ఇంటికి. బస్సు దిగి పట్టపగలు ఊరి నడుమ నుంచే నడిచి వస్తాను. మీ వాకిట్లో మంచం వేసి నీ చేతి అన్నం పెట్టు. చూసేవాళ్లను కడుపు నిండా చూడనీ.

నీ
శకుంతల


ఎర్రగుంటపల్లె
నవంబర్ 1969

శకుంతలకు ప్రేమ రాసేది.

నువ్వొచ్చిపోయి ఇన్ని దినాలైనా వాడల అదే ముచ్చట. పటేలు చెల్లె మన వాకిట్ల తిన్నదని సంగమ్మ మొయినాబాదు అంగడి దాక చెప్పొచ్చింది. గట్టు మీది ముండ్లకంపను నువ్వు కాలుతోని తన్ని నడిచొచ్చినవు చూడు, దాన్ని మల్ల ఎవలు కొట్టలేదు. కొట్టుమంటే చిన్నయ్య తనకు నడుం నొస్తున్నదన్నడట. బాయికి ఆ తొవ్వనే పోతున్నం.

నిర్మలమ్మకు కొడుకు పుట్టిండు. నీకు కబురు పెట్టిండ్రో లేదోనని రాస్తున్న. తల్లి, పిల్లగాడు మంచిగున్నరు.

మా ఆయన జైలు నుంచి వచ్చిండు. సగమైండు. బడి తెరిచిండ్రు, గంట కొట్టి వస్తున్నడు. పిల్లలు గూడ బడులకు మర్లిండ్రు, మీటింగులు లేవు. నిద్దట్ల ఇప్పుడేమనడు. 'ఇంత చేస్తిమి, ఏమొచ్చె?' అని అరుగు మీద కూసొని తనల తనే అనుకుంటడు.

మొన్న చిన్నయ్య వచ్చిండు. సంచి లేదు. గంప దిక్కు చూడలే, వాకిలి బయటనే నిలవడ్డడు.

'ప్రేమమ్మా, పిల్లగాన్ని తొట్టెల వేస్తున్నరు, సుట్టాలొస్తున్నరు. పటేలు పైసలిచ్చి పంపిండు. ఒక పుంజునిస్తవా?'

'ఇయ్య' అన్న.

'ఊరికె గాదు. పైసలిస్తరు.'

'ఇన్న. ఇయ్య.'

'ఎందుకియ్యవు?'

'నా ఇష్టం చిన్నయ్యా.'

'మంచిది' అని పోయిండు. వేరే ఊరికి పోయి కొనుక్కొచ్చుకున్నరట.

మా అత్త లోపటి నుంచి అంత ఇన్నది. 'పైసలిస్తనంటే గూడ ఎందుకియ్యలేదే?' అన్నది.

'ఇయ్యనంటే ఏమైతదో చూద్దామని అత్తా.'

'ఏమైంది?'

'ఏం గాలే.'

రాత్రి మా అత్త అన్నం గూడ సరిగ తినలే, ఏదో ఆలోచన చేసుకుంట కూసున్నది. ముగ్గురు పటేళ్లకు కోళ్లిచ్చిన మనిషి. ఎన్ని ఇచ్చిందో ఆమెకే తెల్వదు.

తెల్లారి చిన్నయ్య పటేలింటి ఎడ్లను తోలుకొని మా ముంగటి నుంచి పోతున్నడు. మా అత్త చీపురు కింద పడేసి, గబగబ వాకిట్లకు పోయి, నడుం మీద చెయ్యి పెట్టుకొని, వాడంత ఇనేటట్టు ఒర్లింది:

'ఓ చిన్నయ్యా! నేను గూడ ఇయ్యనురా!'

వాడు ఎడ్లను ఆపి నోరు తెరిచి చూసిండు. పాపం, ఆ దినం వాడు ఎవలినేం అడగలేదు. మా ఆయన అరుగు మీద కూసున్నోడు నవ్వపట్టిండు, కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండు. మా అత్త తిరిగొచ్చి చీపురు తీసుకొని వాకిలి ఊడ్చింది.

నీ
ప్రేమ